వాహనాలు, యంత్రాల ఆయిల్ వాననీటి కాలువలో కలవకుండా మరమ్మతు పనులు ఎలా చేసుకోవాలి

షెడ్డు నేల మీద ఆయిల్ ఒలికితే దేనితో కడగాలి, సబ్బుపొడి మంచిదా డీజిల్ మంచిదా అని పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. దేనితోనూ కడగవద్దు. ఒలికినదాన్ని పొడిగా పీల్పించి, ఊడ్చి, మూత ఉన్న డబ్బాలోకి ఎత్తాలి. నీళ్లు పోస్తే నేల శుభ్రమైనట్టు కనిపిస్తుంది కానీ, ఆ ఆయిల్ మొత్తం కాలువకు చేరుతుంది.

చాలా ఊళ్లలో ఇళ్ల మురుగు వెళ్లే గొట్టం వేరు, వాననీరు వెళ్లే కాలువ వేరు. మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. వాననీరు మాత్రం సాధారణంగా ఏ శుద్ధీ లేకుండా వాగులోకో చెరువులోకో నదిలోకో నేరుగా చేరుతుంది. ఒక్కసారి ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు వచ్చే వాడేసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. అందుకే ఈ పద్ధతి సొంత బండికి ఇంటి ముందు ఆయిల్ మార్చుకునేవారికి ఎంత అవసరమో, ట్రాక్టర్లు, పొక్లెయినర్లు, జనరేటర్లు నడిపేవారికీ అంతే అవసరం.

కావలసినవి

- బండిలోని ఆయిల్ మొత్తం పట్టి ఇంకా ఖాళీ మిగిలేంత పెద్ద ట్రే, చిన్న బొట్లకు మరో పలుచని ట్రే, గరాటు.
- గట్టి మూత ఉన్న డబ్బాలు కనీసం మూడు: వాడేసిన ఆయిల్‌కు ఒకటి, కూలెంట్‌కు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి) ఒకటి, బ్రేక్ ఆయిల్‌కు ఒకటి. లోపల ఏముందో, ఏ తేదీన పోశారో ప్రతి డబ్బా మీదా రాసి ఉండాలి.
- పీల్చే పదార్థం: రంపపు పొట్టు, పొడి ఇసుక, పొడి బంకమట్టి గుళికలు లేదా బజారులో దొరికే పీల్చే ప్యాడ్లు. వీటిని వానకు తడవని చోట, పని చేసే స్థలానికి పది అడుగుల దూరంలోనే ఉంచండి.
- గట్టి చీపురు, చేట లేదా పార, ఆయిల్ గుడ్డలు వేయడానికి మూత ఉన్న ఇనుప డబ్బా.
- కాలువ జాలీని కప్పడానికి రబ్బరు చాప, ఇసుక సంచులు.
- బ్యాటరీ పనికి వంటసోడా, రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు.
- పెద్ద అట్టముక్కలు, ఒక నోటుపుస్తకం.

పనిక్రమం

1. నీరు ఎటు పోతుందో ముందుగా తెలుసుకోండి. ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇదే. మీరు పని చేసే చోట ఒక బకెట్ మంచినీళ్లు పోసి, అవి ఏ వాలున వెళ్లి ఏ జాలీలోకి దిగుతున్నాయో చివరిదాకా నడిచి చూడండి. షెడ్డు లోపల నేలలో జాలీ ఉంటే అది మురుగు గొట్టానికే కలిసి ఉంటుందని ఊహించుకోకండి. పాత కట్టడాల్లో అలాంటి జాలీ నేరుగా వాననీటి కాలువలోకి తెరుచుకుని ఉండటం అరుదేమీ కాదు. కట్టడం పటం చూడండి, లేదా పురపాలక సిబ్బందిని అడగండి. తేలకపోతే వారికి ముందుగా తెలియజేసి, జాలీలో కాస్త ఆహారపు రంగు కలిపిన నీళ్లు పోసి, బయట ఎక్కడ బయటపడుతుందో చూడవచ్చు. సంగతి తేలేవరకు ఆ జాలీని మూసి ఉంచడమే క్షేమం.

2. పని చోటును ఎంచుకోండి. పైకప్పు, గట్టి సిమెంటు నేల, గుమ్మం దగ్గర నీరు దాటని చిన్న గట్టు ఉన్న చోటు అన్నిటికన్నా మేలు. పైకప్పు లేకపోతే వాన సూచన లేని రోజునే పని పెట్టుకోండి. అప్పుడు కూడా పనిచోటు కాలువ నుంచి, నీటి వనరు నుంచి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. మట్టినేల మీద తప్పనిసరి అయితే చిరుగులు లేని దళసరి టార్పాలిన్ పరిచి, దాని అంచుల కింద కర్రలు పెట్టి కాస్త పైకి లేపండి. దగ్గర్లో జాలీ ఉంటే పని మొదలుపెట్టే ముందు రబ్బరు చాపతో కప్పండి, పని ముగిసి నేల శుభ్రమయ్యాక తీసేయండి. చాప అలాగే ఉండిపోతే తర్వాతి వానకు నీరు నిలిచి, మొత్తం ఆవరణలోని మురికి లేచి ఒక్కసారిగా పారుతుంది.

3. కారుతున్నది కనిపెట్టండి. రాత్రి బండి ఆపాక దాని కింద శుభ్రమైన అట్టముక్క పరచి, ముందు చక్రం ఎటువైపు ఉందో దాని మీద గుర్తు పెట్టండి. తెల్లవారి మరక ఉన్న చోటును బట్టి, రంగును బట్టి చాలావరకు తేల్చుకోవచ్చు. గోధుమ లేదా నలుపు రంగులో ఇంజిన్ కిందుగా పడితే ఇంజిన్ ఆయిల్. ఎరుపు రంగులో ఉంటే ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగుల్లో కాస్త జిగటగా ఉంటే కూలెంట్. చక్రం లోపలివైపు లేత పసుపు తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుమానించి, బండిని నడపకుండా ముందు దాన్నే చూపించండి. రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీ నుంచి వచ్చినవే. వాటికి కంగారు పడనక్కరలేదు.

పొక్లెయినర్, ట్రాక్టర్ వంటి వాటిలో హైడ్రాలిక్ గొట్టాల (ఒత్తిడితో ఆయిల్ పారే గొట్టాల) మీద పగుళ్లు, ఉబ్బులు, జాయింట్ల దగ్గర దుమ్ము అతుక్కున్న తడి మచ్చలు వెతకండి. ఒక హెచ్చరిక: యంత్రం నడుస్తుండగా హైడ్రాలిక్ గొట్టం ఎక్కడ చిమ్ముతోందో చేత్తో తడిమి చూడకండి. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది, దాని వల్ల వేళ్లు, చేతులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చేతికి బదులు అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి, గొట్టాన్ని ముట్టుకునే ముందు యంత్రం ఆపి, ఒత్తిడి దింపాలి. చర్మంలోకి ఆయిల్ దిగిందన్న అనుమానం వస్తే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కారుతున్నట్టు తేలాక బొట్ల కింద ట్రే పెట్టి వదిలేయడం మరమ్మతు అనిపించుకోదు. ఆరుబయట పెట్టిన ట్రే ఒక్క వానకు నిండిపోతుంది, నీటి మీద తేలే ఆయిల్ ముందుగా అంచు దాటి పారుతుంది. ట్రే ఒకటి రెండు రోజుల ఏర్పాటు మాత్రమే. ఆలోగా వాషర్ గానీ సీలు గానీ గొట్టం గానీ మార్పించండి.

4. ఆయిల్‌ను ఒలకకుండా మార్చండి. ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపి, చేతికి కాలనంత చల్లారాక అడుగున ఆయిల్ దించే ప్లగ్ విప్పండి. గోరువెచ్చని ఆయిల్ త్వరగా, పూర్తిగా దిగుతుంది. ప్లగ్ ఊడే క్షణంలో ధార పక్కకు చిమ్ముతుంది కాబట్టి ట్రేను సరిగ్గా కిందే కాక, ధార దూకే వైపు కాస్త జరిపి పెట్టండి. ప్లగ్ తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయండి. పాత వాషర్‌నే వేసి గట్టిగా బిగిస్తే సరిపోతుందన్న అలవాటు చాలా చోట్ల మొదటి బొట్టుకు కారణమవుతోంది.

ఫిల్టర్ విప్పగానే చెత్తబుట్టలో వేయకండి, దానిలో ఇంకా చాలా ఆయిల్ ఉంటుంది. వెచ్చగా ఉండగానే పైభాగానికి రంధ్రం పొడిచి, ట్రే మీద బోర్లించి కనీసం 12 గంటలు ఉంచండి. దిగిన ఆయిల్‌ను డబ్బాలో పోసి, ఫిల్టర్‌ను పాత ఇనుము కొనేవారికి లేదా సేకరణ కేంద్రానికి ఇవ్వవచ్చు.

వాడేసిన ఆయిల్‌లో ఇంకేమీ కలపకండి. కాస్త పెట్రోలు, కాస్త కూలెంట్, పెయింటు తుడిచిన థిన్నర్ కలిస్తే ఆ డబ్బా మొత్తం శుద్ధికి పనికిరాకుండా పోతుంది, సేకరించేవారు తీసుకోరు. అప్పుడు దాన్ని వదిలించుకోలేక ఎక్కడో పారబోసే పరిస్థితి వస్తుంది. చెద పట్టకుండా కర్రలకు పూయడం, దుమ్ము లేవకుండా దారి మీద చల్లడం కూడా పారబోయడంతో సమానమే. తర్వాతి వానకు అదంతా కాలువలోకే వస్తుంది.

5. కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్యాటరీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు దాన్ని నాకి చనిపోతాయి. పిల్లలకూ అది విషమే. అందువల్ల కూలెంట్ ట్రేను ఒక్క నిమిషం కూడా తెరిచి వదిలి వెళ్లకండి. ఆయిల్‌కు మాత్రమే పనికొచ్చే తెల్లని ప్యాడ్లు కూలెంట్‌ను పీల్చవు. దానికి మట్టి గుళికలు గానీ, అన్ని ద్రవాలనూ పీల్చే ప్యాడ్లు గానీ వాడండి.

పాత బ్యాటరీలను పైకప్పు కింద, ఆమ్లానికి పాడవని ప్లాస్టిక్ ట్రేలో నిలువుగా ఉంచండి. పగిలిన బ్యాటరీని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా పెట్టాలి. ఆమ్లం ఒలికితే చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని అంచుల నుంచి మధ్యకు వంటసోడా చల్లండి, నురగ ఆగేవరకు చల్లుతూ ఉండండి. రంపపు పొట్టు ఆమ్లం మీద వేయకూడదు.

6. ఇంధనం నింపేటప్పుడు పక్కనే ఉండండి. నాజిల్‌ను ఇరికించి వేరే పనికి వెళ్లడం, అది ఆగిపోయాక కూడా ఇంకాస్త నింపడం, ఈ రెంటి వల్లే ఎక్కువగా పొర్లుతుంది. ఎండకు ఇంధనం వ్యాకోచిస్తుంది కనుక ట్యాంకు పైభాగాన కొంత ఖాళీ ఉంచాలి. పని స్థలంలోనే యంత్రాలకు డీజిల్ పోయవలసి వస్తే 15 మీటర్ల దూరం నియమాన్ని ఇక్కడా పాటించండి. జనరేటర్లు, నీటి పంపుల వంటి చిన్న యంత్రాలను ట్రేలో పెట్టి నింపితే పొర్లినది ట్రేలోనే ఆగుతుంది.

7. కడగడం తగ్గించండి, కడిగితే నీటిని పట్టుకోండి. నా అభిప్రాయంలో చిన్న షెడ్లలో వాననీటికి జరిగే హానిలో పెద్ద వాటా కారే బొట్లది కాదు, ఇంజిన్ మీద పైపు పెట్టి ఒత్తిడితో కడిగే అలవాటుది. నెలల తరబడి పేరుకున్న గ్రీజు, ఆయిల్, లోహపు పొడి అంతా కొన్ని నిమిషాల్లో కాలువకు చేరుతుంది. ముందుగా గీకుడు చెక్కతో, గుడ్డతో పొడిగా తీయగలిగినంత తీయండి. ఆ తర్వాత కడగక తప్పదంటే మురుగు గొట్టానికి కలిసిన, ఆయిల్‌ను వేరుచేసే తొట్టి ఉన్న చోటనే, అదీ స్థానిక సంస్థ అనుమతితోనే కడగండి.

ఆ తొట్టి ఉందన్న ధైర్యంతో సబ్బు విచ్చలవిడిగా వాడితే అది ఉండీ లేనట్టే. ఆయిల్ నీటి మీద తేలుతుందన్న ఒక్క గుణం మీదే తొట్టి పని ఆధారపడి ఉంది. సబ్బు ఆయిల్‌ను సన్నని తుంపరలుగా విడగొట్టి నీటిలో కలిపేస్తుంది, అప్పుడు అది తేలకుండా తొట్టిని దాటిపోతుంది. సీసా మీద ప్రకృతిలో విచ్ఛిన్నమవుతుందని రాసి ఉన్న సబ్బుకూ ఇదే వర్తిస్తుంది. అది విచ్ఛిన్నం కావడానికి కొన్ని రోజులు పడుతుంది, అంతలో చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. తొట్టిలో తేలిన ఆయిల్‌ను, అడుగున చేరిన బురదను క్రమం తప్పకుండా తీయించడం కూడా మరవవద్దు.

అలాంటి ఏర్పాటు లేనివారు బండి పైభాగాన్ని బకెట్, గుడ్డలతో తుడుచుకోవచ్చు, లేదా నీటిని శుద్ధి చేసే వాషింగ్ కేంద్రానికి తీసుకెళ్లవచ్చు. యంత్రం చక్రాలకు అంటిన బురదను పని స్థలంలోనే పొడిగా రాల్చి, తరువాతే రోడ్డెక్కించండి. కాంక్రీటు మిక్సర్ కడిగిన నీరు తీవ్రమైన క్షార గుణం కలది. దాన్ని నీరు ఇంకని గుంటలో పట్టి, గట్టిపడ్డాక ఎత్తివేయాలి.

8. విడిభాగాలను తొట్టిలోనే శుభ్రం చేయండి. డీజిల్‌లో ముంచి తీసిన భాగాన్ని బొట్లు కారుతుండగా నేల మీదుగా తీసుకెళ్లకుండా, తొట్టి మీదే జాలీ పెట్టి ఆరనివ్వండి. బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి. అందులో రాగి వంటి లోహాలు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు; ఊదితే కొంత మీ ఊపిరితిత్తుల్లోకి, మిగిలినది నేల మీదికి, వానతో కాలువలోకి చేరుతుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూత ఉన్న డబ్బాలో వేయండి.

9. ఒలికిన వెంటనే ఈ క్రమంలో నడుచుకోండి. మొదట మూలాన్ని ఆపండి: డబ్బాను నిలబెట్టండి, వాల్వు మూయండి. తరువాత కాలువ వైపు వాలును ముందుగా అడ్డగించండి, అంటే ఇసుక సంచులు గానీ పొట్టు గట్టు గానీ వేసి జాలీని కప్పండి. ఆ తర్వాతే పీల్చే పదార్థాన్ని అంచుల నుంచి లోపలికి చల్లండి. చల్లి వదిలేయకుండా చీపురుతో రుద్దుతూ తిప్పితే సిమెంటు గుంతల్లోని ఆయిల్ కూడా పైకి వస్తుంది. ఊడ్చి ఎత్తాక మళ్లీ ఒకసారి పలుచగా చల్లి ఊడ్చండి. ఆయిల్ పట్టిన పొట్టును నేల మీదే వదిలేస్తే తొలి వానకు ఆయిల్, పొట్టు రెండూ కలిసి కొట్టుకుపోతాయి, అందుకని అదే రోజు ఎత్తి డబ్బాలో మూసేయాలి. పెట్రోలు ఒలికితే నిప్పు, స్విచ్చులు, నడిచే ఇంజిన్లు దగ్గర లేకుండా చూడండి. ఎక్కువ మొత్తంలో ఒలికినా, ఏ ద్రవమైనా కాలువలోకి దిగినా అగ్నిమాపక శాఖకు, స్థానిక సంస్థకు వెంటనే చెప్పండి. దాచిపెడితే కింద నీరు వాడుకునేవారికి జాగ్రత్తపడే సమయం ఉండదు.

10. నిల్వను వానకు దూరంగా ఉంచండి. డబ్బాలు, పీపాలు పైకప్పు కింద, గట్టున్న అరుగు మీద ఉండాలి. అన్నిటిలోకీ పెద్ద పీపాలో పట్టే దానిలో 110 శాతం ఆ గట్టు లోపల పట్టాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 200 లీటర్ల పీపాకు 220 లీటర్లు. బయట నిలువుగా పెట్టిన పీపా మూత మీద నిలిచిన వాననీటిని పీపా లోపలికి లాగేసుకుంటుంది, ఎందుకంటే పగటి వేడికి లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడినప్పుడు బిరడా సందుల గుండా నీరు పీల్చబడుతుంది. కొత్త ఆయిల్ పీపాను బయట ఉంచక తప్పకపోతే, బిరడాలు రెండూ గడియారంలో 3, 9 అంకెల స్థానంలో ఉండేలా పక్కకు పడుకోబెట్టండి. విడిభాగాల కోసం పక్కన పడేసిన పాత బండ్ల సంగతీ ఇంతే: వాటిలోని ద్రవాలన్నీ ముందుగా దించి, బ్యాటరీ తీసి, విప్పిన ఇంజిన్లను కప్పి ఉంచండి.

పని సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

నోటుపుస్తకం ఇక్కడ పనికొస్తుంది. ప్రతి బండికీ ఎంత ఆయిల్ పోశారో, మార్చేటప్పుడు ఎంత దిగిందో, మధ్యలో ఎంత కలపవలసి వచ్చిందో రాసుకోండి. రెండు మార్పుల మధ్య లీటరు కలపవలసి వచ్చిందంటే ఆ లీటరు ఇంజిన్‌లో కాలిపోయి ఉండాలి, లేదా నేల మీదికి కారి ఉండాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ రావడం లేదంటే అట్టముక్క పరీక్ష మళ్లీ చేయండి. కూలెంట్ మాటిమాటికి తగ్గుతుంటే ఇదే వర్తిస్తుంది. వాడేసిన ఆయిల్ డబ్బాలో చేరిన మొత్తం, బండ్ల నుంచి దింపిన మొత్తం దాదాపు సరిపోవాలి.

వాన పడుతుండగా బయటికి వెళ్లి చూడటం మరో పరీక్ష. తొలి జల్లు పడిన కొద్ది నిమిషాల్లో ఆవరణ నుంచి నీరు బయటికి వెళ్లే చోట నిలబడి గమనించండి, ఎందుకంటే పేరుకున్న మురికిలో ఎక్కువ భాగం ఆ మొదటి నీటితోనే కదులుతుంది. నీటి మీద రంగురంగుల పొర కనిపిస్తే కర్రతో కదిలించండి. చీలిన పొర మళ్లీ ఒకటిగా కలిసిపోతే అది పెట్రోలియం ఆయిల్. పెంకుల్లా ముక్కలై విడివిడిగానే ఉండిపోతే అది ఇనుము ఉన్న నీటిలో సహజంగా పెరిగే సూక్ష్మజీవుల పొర, దానికి మీ షెడ్డు కారణం కాదు. ఆయిల్ అని తేలితే వాలు వెంబడి వెనక్కి నడిచి, పొర ఎక్కడ మొదలవుతోందో ఆ చోటు పట్టుకోండి.

పొర లేదు కాబట్టి అంతా బాగుందని నిర్ణయించుకోవడం తరచూ జరిగే పొరపాటు. కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్యాటరీ ఆమ్లం నీటిలో పూర్తిగా కలిసిపోతాయి, పొర కట్టవు. వాటిని పట్టించేది అట్టముక్క, నోటుపుస్తకం మాత్రమే. పీపాల గట్టు లోపల నిలిచిన వాననీటిని కూడా పొర లేదన్న కారణంగా వాల్వు తిప్పి వదలకండి; ఆ అరుగు మీద కూలెంట్ గానీ ఆమ్లం గానీ ఉంచుతున్నట్టయితే ఆ నీటిని డబ్బాలో పట్టి, వాడేసిన ద్రవాలతో పాటు సేకరించేవారికే ఇవ్వాలి. వదలడానికి తగిన నీరే అయినా, వదిలాక వాల్వు మూసి తాళం వేసి, ఆ తేదీని పుస్తకంలో రాయండి.